బ్రిడ్జిలో డిఫెన్స్ ఆడుతూ ఆగి ఆలోచించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిడ్జి నలుగురు ఇద్దరిద్దరు జట్లుగా ఆడే పేకాట. వేలం గెలిచిన జట్టు తరఫున ఆడేవారు డిక్లేరర్, ఆయన్ని అడ్డుకోవడానికి అవతలి జట్టు ఆడేది డిఫెన్స్. డిఫెన్స్ ఆడుతున్నవారు ముక్క వేయబోతూ కొద్ది క్షణాలు ఆగారంటే, వాళ్ల చేతిలో తేల్చుకోవలసినదేదో ఉందని బల్ల దగ్గర అందరికీ తెలిసిపోతుంది. డిక్లేరర్‌కు తెలుస్తుంది, ఎదురుగా కూర్చున్న భాగస్వామికీ తెలుస్తుంది. డిక్లేరర్ ఆ సంగతిని వాడుకోవచ్చు. భాగస్వామి వాడుకోకూడదు. ఆటల మధ్యలో పుట్టే చాలా గొడవలు ఈ తేడా తెలియకపోవడం వల్ల వచ్చేవే. కింది జవాబులకు ఆధారం 2017 నాటి అంతర్జాతీయ డూప్లికేట్ బ్రిడ్జి నియమావళి, ముఖ్యంగా అందులోని 16, 73 నియమాలు. నా సొంత అభిప్రాయం చెప్పిన చోట అది అభిప్రాయమేనని చెప్పాను.

ఆగి ఆలోచించడమే తప్పా?

కాదు. ఎప్పుడూ ఒకే వేగంతో, ఒకే తీరులో ఆడటం మంచిదని 73వ నియమం చెబుతుంది గానీ, ప్రతిసారీ అలాగే ఆడి తీరాలని చెప్పదు. అనుకోకుండా వేగం మారితే అది నియమభంగం కాదని కూడా ఆ నియమంలోనే ఉంది. అయితే ఆ మార్పు మన జట్టుకు లాభించే అవకాశం ఉన్న చోట మరింత జాగ్రత్తగా ఉండమంటుంది.

ఇది ముందే స్పష్టం చేయడానికి కారణం ఉంది. ‘ఎందుకు ఆగావు?’ అని ఎవరైనా ఒకసారి గద్దిస్తే చాలు, కొత్తగా ఆడేవాళ్లు ఆ తరువాత ఆలోచించడమే మానేసి ముక్కలు గబగబా పడేస్తుంటారు. వాళ్లకు ఆట మీద ఇష్టం పోయేది అక్కడే. నిజంగా తేల్చుకోవలసిన విషయం ఉంటే ఆలోచించండి. అది మీ హక్కు. ఆలోచించిన తరువాత ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

మరి తప్పు ఎప్పుడు అవుతుంది?

రెండు సందర్భాల్లో. ఆలోచించడానికి ఏమీ లేకుండా ఆగి, దానివల్ల డిక్లేరర్ తప్పు దారి పడితే అది ఒకటి. మీరు నిజంగానే ఆలోచించారు, కానీ మీ భాగస్వామి ఆ ఆలోచన నుంచి మీ చేతిని ఊహించి దాని ప్రకారం ఆడితే అది రెండోది. మొదటిదానికి బాధ్యత ఆగినవారిది. రెండోదానికి బాధ్యత ఆగినవారిది కాదు, ఆ తరువాత ఆడే భాగస్వామిది. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. ఆగిన మనిషిని పట్టుకుని నిలదీస్తారు, దాన్ని వాడుకున్న మనిషిని వదిలేస్తారు.

నా చేతిలో నిర్ణయించుకోవలసినదేమీ లేదు. అయినా పరధ్యానంగా ఆగాను. దానికి కూడా స్కోరు మారుస్తారా?

మార్చవచ్చు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక రంగులో డిక్లేరర్ చేతిలో రాజు, జాకీ, 9 ఉన్నాయి. డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన డిక్లేరర్ భాగస్వామి చేతిలో, ఆసు, 10, 8 ఉన్నాయి. రాణి ఎవరి దగ్గర ఉందో తెలియదు, దాన్ని ఏ వైపు నుంచైనా పట్టుకోవచ్చు. డిక్లేరర్ తన చేతిలోంచి జాకీ వేశారు. తరువాత ఆడవలసిన పడమర (ఆటగాళ్లను వాళ్లు కూర్చున్న దిక్కు పేరుతో పిలుస్తారు) చేతిలో ఉన్నవి 7, 4, 2. పడమర రెండు మూడు క్షణాలు ఆగి 2 వేశారు. రాణి ఉంది కాబట్టే, దాన్ని జాకీ మీద వేయాలా వద్దా అని ఆలోచించారని డిక్లేరర్ అనుకున్నారు. ఆసు వేయకుండా జాకీని వదిలేశారు. తూర్పు నింపాదిగా రాణి వేసి ట్రిక్కు (ఆ నాలుగు ముక్కల పట్టు) తీసుకున్నారు.

పడమరకు మోసం చేయాలన్న ఉద్దేశం లేకపోవచ్చు. నియమం ఉద్దేశాన్ని అడగదు. ఆ ఆగడానికి ఆటకు సంబంధించిన, చూపించగలిగిన కారణం ఉందా అని అడుగుతుంది. అది తన జట్టుకు లాభించవచ్చని ఆ క్షణంలో గ్రహించగలిగే స్థితిలో ఆ ఆటగాడు ఉన్నాడా అని కూడా అడుగుతుంది. కారణం లేదు, గ్రహించగలిగే స్థితి ఉంది, డిక్లేరర్ తప్పుడు ఊహకు వచ్చి నష్టపోయారు అని తేలితే, పోటీలో తీర్పు చెప్పే డైరెక్టర్ స్కోరు సరిచేస్తారు. జాకీ పడగానే అందరి కళ్లూ రాణి కోసం వెతుకుతున్నాయని అనుభవం ఉన్న ఏ ఆటగాడికైనా తెలుసు. అందుకే అక్కడ పరధ్యానం అన్న మాట చెల్లదు.

ఒంటి ముక్క (ఆ రంగులో చేతిలో ఉన్న ఒకే ఒక్క ముక్క) వేసే ముందు ఆగడం ఇంతకంటే స్పష్టమైన తప్పు. వేగంతోనో జాగుతోనో ప్రత్యర్థిని తప్పుదారి పట్టించే ప్రయత్నానికి ఉదాహరణగా నియమావళే దాన్ని పేర్కొంది. కావాలని చేస్తే అది ఎత్తుగడ అనిపించుకోదు, మోసమే అవుతుంది.

నా దగ్గర ఉన్నవి రెండు చిన్న ముక్కలే. భాగస్వామికి సంకేతంగా పెద్దది ముందు వేయాలా, చిన్నది ముందు వేయాలా అని ఆలోచించాను. అది కారణం కాదా?

మీ మనసులో అది కారణమే కావచ్చు. కానీ పైన చెప్పిన జాకీ లాంటి సందర్భంలో చాలామంది డైరెక్టర్లు దాన్ని ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరైనదని నా అభిప్రాయం. ఒప్పుకుంటే ఏ రెండు చిన్న ముక్కలకైనా ఆ సాకు సరిపోతుంది, ఇక నియమానికి అర్థమే ఉండదు. సంకేతాలు ఎలా వేయాలో భాగస్వామితో ముందే ఖాయం చేసుకోండి. డిక్లేరర్‌కు కీలకమైన ఊహ ఎదురుగా ఉన్న ట్రిక్కులో సంకేతం కోసం ఆగకండి. అక్కడ కాస్త తప్పు సంకేతం వెళ్లినా ఫర్వాలేదు.

నా దగ్గర నిజంగా ఆసు ఉంది. వేయాలా, ఆపాలా అని ఆలోచించాను. డిక్లేరర్ దాన్ని పసిగట్టేశారు. ఇది న్యాయమేనా?

న్యాయమే. ప్రత్యర్థి వేగం మారడాన్ని చూసి ఊహించుకునే హక్కు డిక్లేరర్‌కు ఉంది. ఆ ఊహ తప్పితే నష్టం కూడా ఆయనదే.

డమ్మీలో రాజు, జాకీ, 5 ఉన్నాయనుకోండి. డిక్లేరర్ తన చేతిలోంచి చిన్న ముక్క వేస్తారు. తరువాతి ముక్క మీది. ఆసు మీ దగ్గర ఉందనుకుంటే డిక్లేరర్ డమ్మీ నుంచి రాజు వేయాలి. మీ దగ్గర రాణి ఉండి, ఆసు అవతల ఉందనుకుంటే జాకీ వేయాలి. ఆయనకు వేరే ఆధారం లేదు. మీరు ఆసు పట్టుకుని ఊగిసలాడితే ఆ ఆధారం మీరే ఇచ్చినట్టు. అది నియమభంగం కాదు, ఆటలో లోటు. ఇదే చోట మీ దగ్గర ఉన్నవి రాణి, 7, 3 అయి, మీరు ఆసు ఉన్నట్టుగా ఆగి 3 వేస్తే మాత్రం వ్యవహారం పై ప్రశ్నలోకి వెళుతుంది. డిక్లేరర్ రాజు వేసి తూర్పు ఆసుకు పోగొట్టుకుంటే, ఆయన డైరెక్టర్‌ను పిలవడం పూర్తిగా సబబు.

ఎదుటివారిని బోల్తా కొట్టించడానికి మీకు అనుమతి ఉంది, అయితే ముక్కతో మాత్రమే. మామూలు వేగంతో ఆసు దాచి చిన్న ముక్క వేయడం అందమైన ఆట. ఆగడంతోనో, మొహంతోనో, ముక్కను తీసి మళ్లీ లోపల పెట్టుకోవడంతోనో బోల్తా కొట్టించడానికి అనుమతి లేదు.

అలాంటి చోట ఆగకుండా ఉండాలంటే ఎలా?

డమ్మీ పరిచిన వెంటనే పని మొదలుపెట్టాలి. డమ్మీలో రాజు, జాకీ కనిపిస్తున్నాయి, ఆసు నా దగ్గర ఉంది. డిక్లేరర్ ఎప్పుడో ఒకప్పుడు అటువైపు ఆడతారు. ఆ రోజు ఆసు వేస్తానా, ఆపుతానా? ఈ ప్రశ్నకు మొదటి ట్రిక్కు నడుస్తుండగానే జవాబు సిద్ధం చేసుకుంటే, ఆ ముక్క వచ్చినప్పుడు చేయి దానంతటదే చిన్న ముక్కను వేస్తుంది. డమ్మీలో రాజు, రాణి ఉన్నా అంతే. మీ చేతిలో రాజు ఉండి, డమ్మీలోంచి రాణి మీ వైపు రాబోతున్నా అంతే.

మొదటి ట్రిక్కు ఇందుకు చాలా అనువైనది. డిక్లేరర్ డమ్మీ నుంచి ముక్క వేయించే ముందు మొత్తం ఆటను ఆలోచించుకుంటారు, ఆ సమయం మీది కూడా. ఒకవేళ డిక్లేరర్ గబుక్కున ఆడేస్తే, మూడో చేతిలో ఉన్న డిఫెండర్ (మొదటి ముక్క వేసినవారి భాగస్వామి) మొదటి ట్రిక్కులో ఆగి ఆట మొత్తం ఆలోచించుకోవచ్చు. అక్కడి ఆలోచన ఆ ఒక్క ముక్క గురించి కాదు కాబట్టి దాన్నుంచి ఎవరూ ఏమీ ఊహించకూడదని కొన్ని దేశాల బ్రిడ్జి సంఘాలు తమ మార్గదర్శకాల్లో రాసి పెట్టాయి. మూడో చేతిలో ఉన్నవాళ్లు ప్రతి ఆటలోనూ మొదటి ట్రిక్కులో కాసేపు ఆగితే మరీ మేలు. ఎప్పుడూ ఆగేవారు ఆగితే దానికి ప్రత్యేకమైన అర్థం ఉండదు.

ఇంకో చిన్న అలవాటు. ట్రిక్కు పూర్తయ్యాక ఇంకా ఆలోచించాలనిపిస్తే మీ ముక్కను బోర్లించకుండా ముఖం పైకి ఉంచండి. ఆట అక్కడ కాసేపు ఆగుతుంది. మీరు ఆలోచిస్తున్నది ఆ తరువాతి ముక్క గురించి కాదని, మొత్తం ఆట గురించేనని అందరికీ తెలుస్తుంది. ఏ రంగు వచ్చినప్పుడు ఆగారన్న ఆధారం ఎవరికీ దొరకదు.

నా భాగస్వామి ఆగారు. ఇప్పుడు నేనేం చేయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

దక్షిణం 4 ఇస్పేట్లు, అంటే ఇస్పేట్లు తురుపుగా పది ట్రిక్కులు తీస్తామన్న ఒప్పందం, ఆడుతున్నారు. మీరు పడమర. మీకున్న ఒంటి ఆఠీను ముక్కతో లీడు చేశారు, అంటే ఆటలో మొదటి ముక్కగా దాన్ని వేశారు. డిక్లేరర్ దాన్ని తన చేతిలో గెలిచి, డైమండు 4 వేశారు. మీరు 3, డమ్మీ నుంచి రాజు. తూర్పు చాలాసేపు ఆలోచించి 5 వేశారు. డమ్మీలో రాణి కూడా ఉంది. తరువాత డిక్లేరర్ తురుపు ఆడితే మీరు ఆసుతో తీసుకున్నారు. మీ చేతిలో ఇంకో తురుపు మిగిలి ఉంది. ఎలాగైనా భాగస్వామికి ఆట అందితే ఆయన ఆఠీను తిప్పి వేస్తారు, మీరు తురుపుతో కొడతారు. అయితే ఆయనకు ఆట ఏ రంగులో అందించాలి? డైమండులోనా, కళావరులోనా?

డైమండు ఆసు లేకపోతే ఆయన అంతసేపు ఆలోచించి ఉండరని మీకు తెలిసిపోయింది. ఇలా తెలిసినదే అనధికార సమాచారం. అది మీ చెవిన పడింది గానీ మీది కాదు. 16వ నియమం ఇలా పనిచేస్తుంది: మీ స్థాయి ఆటగాళ్లలో చెప్పుకోదగినంత మంది, మీ పద్ధతులతో ఆడుతూ, కళావరును గట్టిగా పరిశీలిస్తారా? వాళ్లలో కొందరైనా దాన్నే ఎంచుకుంటారా? అవునంటే కళావరు సమంజసమైన ప్రత్యామ్నాయం. భాగస్వామి ఆగడం డైమండు వైపు స్పష్టంగా వేలు చూపిస్తోంది. కాబట్టి మీరు డైమండు ఆడకూడదు. కళావరు ఆడాలి, ఆ ఆటలో దెబ్బ తిన్నా సరే.

ఇప్పుడు ఒక్క విషయం మార్చి చూడండి. వేలం మొదలుపెట్టింది తూర్పే. మీ చేతిలో, డమ్మీలో, డిక్లేరర్ వేలంలో చెప్పిన బలంలో ఉన్న పాయింట్లు (పెద్ద ముక్కల విలువలు) లెక్కేస్తే, డైమండు ఆసు లేకుండా తూర్పు వేలం తెరవగలిగేవారే కాదు. అప్పుడు ఆసు ఎక్కడుందో మీకు వేలమే చెప్పింది. లేదా మొదటి ట్రిక్కులో ఆఠీను మీద ఆయన వేసిన ముక్క, మీరు అందరికీ వెల్లడించిన సంకేత పద్ధతి ప్రకారం, డైమండునే కోరింది. అలాంటప్పుడు కళావరు ఆడాలన్న ఆలోచన ఎవరికీ రాదు, మీరు డైమండు నిశ్చింతగా ఆడవచ్చు. భాగస్వామి ఆగినంత మాత్రాన మీ చేతులు కట్టేసుకోనక్కరలేదు. ముక్కలు, వేలం, సంకేతాలు చెప్పినదంతా మీదే.

ఇందులో కష్టం ఉంది, నేను కాదనను. తెలిసిన విషయాన్ని తెలియనట్టు ఆడటం మనసుకు సులువు కాదు. పైగా నియమావళి అనే మాట ‘వాడుకోకు’ అని మాత్రమే కాదు, అలాంటి సమాచారం నుంచి ఏ లాభమూ పొందకుండా జాగ్రత్త పడమని. భాగస్వామి ఆగిన తరువాత తనకు నష్టం కలిగే ముక్కను తెలిసి తెలిసి ఎంచుకున్న ఆటగాడిని చూసినప్పుడు నాకు కలిగే గౌరవం, గొప్ప ఆటతో గెలిచిన వారిని చూసినప్పుడు కలిగేదానికి ఏమీ తీసిపోదు.

భాగస్వామి ఆగకముందే నేను డైమండు ఆడాలని అనుకున్నాను. అది లెక్కలోకి రాదా?

రాదు. మీరు నిజమే చెబుతుండవచ్చు, కానీ మీ మనసులో ఉన్నది బల్ల దగ్గర ఎవరికీ కనిపించదు. పైగా ఆసు సంగతి తెలిసిన తరువాత ‘నేను ముందే అనుకున్నాను’ అని మనల్ని మనమే నమ్మించుకోవడం ఎంతో తేలిక. అందుకే నియమం మీ మనసును వదిలేసి, మీలాంటి ఇతర ఆటగాళ్లు ఏం చేస్తారని అడుగుతుంది.

నేను డిక్లేరర్‌ని. నేను ఎంతసేపైనా ఆగవచ్చా?

మీ భాగస్వామి డమ్మీ, ఆయన ఆడేదేమీ లేదు కాబట్టి అనధికార సమాచారం గొడవ మీకు లేదు. కానీ లేని సమస్య ఉన్నట్టు నటించి డిఫెండర్లను పక్కదారి పట్టించే హక్కు మీకూ లేదు. ప్రత్యర్థుల ఏకాగ్రత చెడగొట్టడానికి వేగం మార్చడాన్ని 74వ నియమం కూడా తప్పుపడుతుంది.

మరీ త్వరగా వేయడం?

అదీ సమాచారమే. ముక్క డిక్లేరర్ చేతిలోంచి పూర్తిగా రాకముందే మీ 2 బల్ల మీద పడితే, ఆ రంగులో మీకేమీ లేదని చాటినట్టే. చేతిలో ఏమీ లేనప్పుడు ఎంత నెమ్మదిగా వేస్తారో, ఆసు ఉన్నప్పుడూ అంతే నెమ్మదిగా వేయడం అలవాటు చేసుకోండి.

కారణం లేకుండా ఆగాను. ‘క్షమించండి, నాకేమీ ఆలోచన లేదు’ అని చెప్పవచ్చా?

దీని మీద ఆటగాళ్లలో ఏకాభిప్రాయం లేదు. అలా చెబితే డిక్లేరర్ తప్పుదారి పట్టరు, అది మంచిదే. కానీ అదే మాట మీ భాగస్వామి చెవినా పడుతుంది. మీ చేతిలో ఆ రంగులో ఏమీ లేదని ఆయనకు తెలుస్తుంది, అది కూడా అనధికార సమాచారమే. నా మటుకు చెప్పడమే మేలనుకుంటాను. ఎందుకంటే డిక్లేరర్‌కు జరిగే అన్యాయం అప్పటికప్పుడు ఆగుతుంది, భాగస్వామి మీద పడే బాధ్యత ఏమిటో ఆయనకు ముందే తెలుసు. అయితే చెబితే వెంటనే చెప్పాలి, నిజమైతేనే చెప్పాలి. రెండు ముక్కలు అతుక్కుపోయి ఆలస్యమైతే ఆ సంగతి కూడా అప్పుడే చెప్పేయండి.

ప్రత్యర్థి ఆగడం వల్ల నేను నష్టపోయాననిపిస్తోంది. ఏం చేయాలి?

వాదించకండి. ‘ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగారు, ఒప్పుకుంటారా?’ అని మర్యాదగా అడగండి. ఒప్పుకుంటే, అవసరమైతే డైరెక్టర్‌ను తరువాత పిలిచే హక్కు అట్టిపెట్టుకుంటున్నానని చెప్పి ఆట కొనసాగించవచ్చు, మీ పోటీ నిబంధనలు దాన్ని నిషేధించకపోతే. ఆగలేదని వాళ్లు అంటే డైరెక్టర్‌ను వెంటనే వాళ్లే పిలవాలి. ఆట ముగిశాక, ఆగడం సూచించిన ముక్కనే అవతలి భాగస్వామి ఎంచుకున్నారని నమ్మడానికి గట్టి ఆధారం కనిపిస్తే అప్పుడు పిలవండి.

డైరెక్టర్‌ను పిలవడాన్ని నింద అనుకోవద్దు. పిలిచే గొంతు కూడా అలాగే ఉండాలి. బల్లల మధ్య వినిపించేలా ‘మోసం’ అని కేక వేయడం ఆగడం కంటే పెద్ద తప్పు.

డైరెక్టర్ ఎలా తేలుస్తారు?

ముందు జరిగింది ఏమిటో నిర్ధారిస్తారు: ఎక్కడ ఆగారు, ఎంతసేపు, ఆ ఆటగాడి మామూలు వేగం ఎంత. తరువాత అదే స్థాయి ఆటగాళ్లు కొందరికి, ఆగిన సంగతి చెప్పకుండా, ఆ చేతిని చూపించి ఏం ఆడతారని అడుగుతారు. పైన చెప్పిన ఉదాహరణలో నలుగురైదుగురిని అడిగితే ఇద్దరు కళావరు అన్నారనుకోండి, ప్రత్యామ్నాయం ఉందని తేలినట్టే. నియమభంగం వల్ల నష్టం జరిగిందా అన్నది కూడా చూస్తారు. నష్టం లేకపోతే స్కోరు మారదు. నష్టం ఉంటే, జరగగలిగిన ఫలితాలను వాటి సంభావ్యతను బట్టి కలిపి కూడా స్కోరు ఇవ్వవచ్చు. నష్టపోయినవారే తరువాత దీనితో సంబంధం లేని ఘోరమైన పొరపాటు చేస్తే, ఆ మేరకు వాళ్లకు ఊరట దొరకదు. తీర్పు నచ్చకపోతే అప్పీలుకు దారి ఉంది.

నా స్కోరు మార్చారు. అంటే నన్ను మోసగాడన్నట్టా?

కానే కాదు. నియమాలు ‘గ్రహించగలిగే స్థితిలో ఉన్నారా’ అని అడగడంలో ఉద్దేశమే అది. ఎవరి మనసునూ శంకించకుండా, ఎవరి మీదా ముద్ర వేయకుండా జరిగిన నష్టాన్ని పూడ్చడానికి ఆ మాటలు అలా రాశారు. భాగస్వాములిద్దరూ ముందుగా కుదుర్చుకుని రహస్య సంకేతాలతో సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం వేరే సంగతి. నియమావళి దాన్ని అన్నిటికంటే తీవ్రమైన నేరంగా చెబుతుంది. 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీలో బల్లకు అడ్డంగా తెరలు వాడారు, భాగస్వాములు ఒకరినొకరు చూసుకోకుండా. ఆ పోటీలోనే బల్ల కింద కాళ్లతో సంకేతాల ఆరోపణ వచ్చింది. ఆ కోవను, ఆసు పట్టుకుని నాలుగు క్షణాలు ఆగిన మనిషిని ఒకే గాటన కట్టడం అన్యాయం.

కంప్యూటర్ మీద ఆడేటప్పుడు?

నియమాలు అవే. కనెక్షన్ నెమ్మదించడం వల్ల, తలుపు దగ్గర ఎవరో పిలవడం వల్ల ఆలస్యం కావచ్చు కాబట్టి, ఆలస్యానికి అర్థం చెప్పుకోవడంలో మరింత జాగ్రత్త కావాలి. కుర్చీలోంచి లేవాల్సి వస్తే ఒక మాట అందరికీ కనిపించేలా రాసి లేవండి. భాగస్వామితో ఫోనులో మాట్లాడుతూ ఆడటం గురించి చర్చే అక్కరలేదు.

మా బల్ల దగ్గరకు కొత్తవారు వచ్చారు, ప్రతి ముక్కకూ ఆగుతున్నారు. పిలవాలా?

ప్రతి ముక్కకూ ఆగేవారి వేగమే అది. అందులో ప్రత్యేకంగా ఒక చోట ఆగడం అంటూ లేదు కాబట్టి దాన్నుంచి ఊహించడానికి మీకూ వాళ్ల భాగస్వామికీ ఏమీ మిగలదు. చేయి వణికేవారు, చూపు తగ్గినవారు, ముక్కలు సర్దుకోవడానికి సమయం పట్టేవారు కూడా ఇంతే. ఆట ముగిశాక, వాళ్లు అడిగితే, డమ్మీ పరవగానే ముందు ఆలోచించుకోవడం ఎలాగో చూపించండి. బల్ల దగ్గర, ఆట మధ్యలో మాత్రం వద్దు.